కూర్చుని వినే ఫోను: మా ఇంట్లో రీడ్ అలాంగ్

ముందు ధర సంగతి చెప్పేస్తాను. గుడ్డ బల్ల మీద పెట్టకముందే కుట్టుకూలి ఎంత అని అడిగేవాళ్ల మధ్య బతుకుతున్నదాన్ని, నాకూ అదే అలవాటు. పిల్లల చేత కథలు పైకి చదివించే రీడ్ అలాంగ్ యాప్‌కు డబ్బు కట్టక్కర్లేదు. మధ్యలో ప్రకటనలు రావు. ఫోను నంబరు, ఈమెయిలు ఇచ్చి ఖాతా తెరిస్తే తప్ప లోపలికి రానివ్వనని పట్టుబట్టదు. యాప్‌నూ కథలనూ ఒకసారి దింపుకుంటే తరువాత నెట్ లేకపోయినా పని చేస్తుంది. గూగుల్ వాళ్లు దీన్ని 2019 మార్చిలో ‘బోలో’ అనే పేరుతో మన దేశంలోనే మొదలుపెట్టారు, హిందీ, ఇంగ్లిషు కథలతో. 2020లో పేరు మార్చి ఇతర దేశాలకూ ఇచ్చారు. అప్పుడు ఇచ్చిన తొమ్మిది భాషల్లో తెలుగు ఒకటి.

ఇది చేసే పని చాలా చిన్నది. తెర మీద బొమ్మ, దానితో పాటు ఒకటో రెండో వాక్యాలు. మూలన దియా అనే బొమ్మపిల్ల. పిల్లవాడు పైకి చదవాలి, ఫోను వింటుంది. సరిగా పలికిన మాటకు రంగు మారుతుంది. ఏదైనా మాట కొరుకుడు పడకపోతే దాని మీద వేలు పెడితే దియా పలికి వినిపిస్తుంది. బాగా చదివితే నక్షత్రాలు వస్తాయి, మధ్య మధ్య మాటలతో ఆటలు ఉంటాయి. అంతకు మించి ఏమీ లేదు. లెక్కలు చెప్పదు, సైన్సు చెప్పదు, ర్యాంకులు ఇవ్వదు.

మాది చీరాల. ఇంటి ముందు గదే కుట్టు దుకాణం. జాకెట్లు, పిల్లల గౌన్లు, చీరలకు ఫాల్, పీకో. మా ఆయన ఆటో నడుపుతారు. మా వాడు మండల పరిషత్ బడిలో మూడో తరగతి. ఒకవైపు తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లిషులో ఉండే పుస్తకాలు వాడివి. వాడికి అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, అడిగితే ఒత్తులు కూడా పలక మీద రాసి చూపిస్తాడు. వాక్యం ఇచ్చి చదవమంటే మాత్రం గొంతు దిగిపోతుంది. మా వాడొక్కడే ఇలా అని దిగులుపడేదాన్ని. దేశంలోని పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే 2022 లెక్కల్లో, మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 20.5 మందే. ఆ అంకె చూశాక దిగులు తగ్గలేదు కానీ సిగ్గు తగ్గింది.

చదువు పేరుతో మా ఫోనులోకి అంతకుముందు వచ్చినవి తక్కువేమీ కాదు. బడి వాట్సాప్ గ్రూపులో వీడియోలు వచ్చేవి. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో చూపిస్తే పాఠం వచ్చేది. 2017 నుంచి ఉన్న ప్రభుత్వ యాప్ అది, పాఠం మళ్లీ వినాలనుకునే పిల్లలకు మంచిదే. ఒక ఆదివారం ఇద్దరు కుర్రాళ్లు ఏకంగా ట్యాబ్ పట్టుకుని ఇంటికే వచ్చారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వాడి చేత కొన్ని ప్రశ్నలకు జవాబులు నొక్కించి, “మేడం, మీ బాబు బాగా వెనకబడి ఉన్నాడు, ఇప్పుడు పట్టించుకోకపోతే తరువాత కష్టం” అన్నారు. ఆ ప్రశ్నలు ఇంగ్లిషులో ఉన్నాయి. “వాడికి తెలుగు వాక్యమే రాదు కదా బాబూ” అంటే, “అందుకే మేడం, ఇది తీసుకోవాలి” అన్నారు. నెలనెలా వాయిదాలట. ఆటో వాయిదాలే ఇంకా తీరలేదని చెప్పి పంపించేశాను. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, వాళ్లు చూపించిన వీడియోలు నిజంగా బాగున్నాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే నేనే మిషన్ ఆపి చూశాను.

కానీ వీటన్నిటిలోనూ ఫోను మాట్లాడుతుంది, పిల్లవాడు నోరు తెరుచుకుని చూస్తాడు. ఎదురుగా కూర్చున్నవాడికి ఎంత వచ్చో, ఎక్కడ ఆగిపోయాడో ఆ గొంతుకు తెలియదు. కొలతలు తీసుకోకుండా కుట్టిన జాకెట్టు అది. పనితనం ఎంత గొప్పదైనా ఒంటికి పట్టదు.

రీడ్ అలాంగ్‌లో పద్ధతి తిరగబడింది. నోరు తెరవాల్సింది పిల్లవాడు, చెవి పెట్టాల్సింది ఫోను. నేను దీనికి మంచి మార్కులు వేయడానికి ముఖ్య కారణం ఇదే.

ఎలా పని చేస్తుందో ఒక సంగతి చెబితే తెలుస్తుంది. ఒక కథలో కోతి బొమ్మ ఉంది, పక్కన “కోతి కొమ్మ మీదికి ఎగిరింది” అన్నట్టు ఒక వాక్యం. మా వాడు “కోతి చెట్టు మీదికి దూకింది” అని ధీమాగా చదివేశాడు. నేను తల ఎత్తకుండా హుక్కులు కుడుతున్నాను. చెవికి బాగానే వినిపించింది, శభాష్ అనబోయాను. ఫోను ఊరుకోలేదు. ‘కోతి’కి రంగు మారింది, ‘కొమ్మ’ దగ్గర ఆగిపోయింది. వాడు మళ్లీ “చెట్టు” అన్నాడు, ఈసారి గట్టిగా. మార్పు లేదు. “అమ్మా, ఇది వినడం లేదు” అని ఫిర్యాదు.

లేచి వచ్చి చూస్తే అప్పుడు అర్థమైంది. వీడు బొమ్మ చూసి కథ చెబుతున్నాడు, అక్షరాలు చూసి చదవడం లేదు. బళ్లో వాచకం కూడా ఇలాగే గట్టెక్కిస్తున్నాడన్నమాట. యాభై మంది గోలలో టీచరుకైనా, హుక్కుల మీద కళ్లు పెట్టుకున్న నాకైనా అర్థం కుదిరిన వాక్యంలో తప్పు దొరకదు. ఫోనుకు అర్థంతో పని లేదు కాబట్టి దొరికింది. “వేలు పెట్టి చదువు” అన్నాను. క కింద నుంచి మొదలుపెట్టి “కొ... కొమ్... కొమ్మ” అని కూడబలుక్కున్నాడు. రంగు మారింది. వాడి ముఖం చూడాలి.

అలాగని ఫోనుకే అప్పగించి వంటింట్లోకి వెళ్లిపోవచ్చని అనుకోకండి. కొద్ది రోజులకు అదే కథను గడగడా చదివేయడం మొదలుపెట్టాడు. తెర నిండా నక్షత్రాలు. నాకు అనుమానం వచ్చి, చదువుతుండగా తెర మీద అరచేయి అడ్డం పెట్టాను. వాడు ఆగలేదు. చేతి కింద ఉన్న వాక్యం అంతా తప్పు లేకుండా అప్పజెప్పాడు, నా చేయి అడ్డం ఉందన్న సంగతి కూడా పట్టించుకోకుండా. కథ మొత్తం కంఠస్థం! ఏ ఫోనుకైనా గొంతు వినిపిస్తుంది కానీ కళ్లు ఎక్కడున్నాయో కనిపించదు కదా. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కథ రెండుసార్లు చదివితే మూడోసారి కొత్త కథ తీయాలి. పాత కథే కావాలని మొండికేస్తే వాక్యాన్ని చివరి మాట నుంచి మొదటి మాటకు వెనక్కి చదివిస్తాను. ఈ ఉపాయం మీరూ వాడుకోండి, బడి పుస్తకానికి కూడా పనికొస్తుంది.

అర్థం సంగతి మా అత్తయ్య చూసుకుంటారు. ఆవిడకు చదువు రాదు, సంతకం మాత్రం చేస్తారు. మొదట్లో సీరియల్‌కు అడ్డం వస్తోందని విసుక్కున్నారు. తరువాత తరువాత మంచం ఇటు జరిపించుకున్నారు. వాడు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఉంటే “తరువాత ఏమైందిరా? ఆ పిల్లకు మేక దొరికిందా లేదా?” అని తొందరపెడతారు. వాడు మిగతా పేజీ చదివి, తన మాటల్లో మళ్లీ నానమ్మకు చెప్పాలి. తప్పు ఉచ్చారణ ఫోను పట్టుకుంటుంది, కథ అర్థమైందో లేదో ఈవిడ పట్టుకుంటుంది. చదువు రాని పెద్దలు పిల్లలను చదివించలేరన్న మాట నేనూ నమ్మేదాన్ని. అక్షరాల భారం ఫోను మోస్తే మిగతాది వాళ్లు బ్రహ్మాండంగా చేయగలరు.

మనిషి వినడం గురించి ఈ మధ్య ఒక ఆసక్తికరమైన సంగతి చదివాను. ఆఫ్రికాలో బోట్స్వానా అనే దేశంలో 2020లో కరోనాకు బళ్లు మూసేసినప్పుడు నాలుగున్నర వేల కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. స్మార్ట్ ఫోన్లు కాదు, మామూలు ఫోన్లే. కొందరికి వారం వారం లెక్కలు మెసేజ్‌లో పంపారు. కొందరికి మెసేజ్‌తో పాటు ఒకరు ఫోను చేసి, తల్లినో తండ్రినో పక్కన ఉంచుకుని, పిల్లల చేత ఆ లెక్క చేయించారు. ఫోను చేసినచోట పిల్లలకు లెక్కలు మెరుగుపడ్డాయి, ఉత్త మెసేజ్‌లు పెద్దగా పని చేయలేదు. ఆ తరువాత ఫోను పద్ధతినే కెన్యా, ఉగాండా, నేపాల్, ఫిలిప్పీన్స్, మన దేశాల్లో కూడా చేసి చూస్తే అక్కడా ఫలితం కనిపించింది. మా బడి వాట్సాప్ గ్రూపులో వచ్చిన వీడియోలన్నిటినీ ‘చూశాం’ అన్నట్టు బొటనవేలు గుర్తు పెట్టిన తల్లులందరికీ ఈ సంగతి కొత్తగా అనిపించదు.

ఇక ఇబ్బందులు. అవి యాప్ కంటే మా ఇంటి నుంచి వచ్చినవే ఎక్కువ.

మొదటిది చప్పుడు. వినే పని చేసే వస్తువుకు నిశ్శబ్దం కావాలి, మా ఇంట్లో ఆ సరుకు దొరకదు. మిషన్ తిరుగుతుంటే ఫోనుకు వాడి గొంతు అందదు. పైన ఫ్యాను, వెనక మిక్సీ, వీధిలో ఉప్పు బండి మైకు. అందుకని సాయంత్రం వాడు చదివేటప్పుడు నేను మిషన్ జోలికి పోను. హెమ్మింగు, హుక్కులు, కాజాలు, ఫాల్ కుట్టడం లాంటి చేతిపని అంతా ఆ వేళకు అట్టిపెట్టుకుంటాను. పనీ ఆగదు, చదువూ ఆగదు. పెళ్లిళ్ల ముహూర్తాలు ఉన్నప్పుడు, శ్రావణ మాసంలో మాత్రం మిషన్ ఆపడం నా వల్ల కాదు. అప్పుడు వాడు ఫోను పట్టుకుని మేడమెట్ల మీదికి వెళతాడు.

రెండోది మైకు. మేము వాడేది మా ఆయన పాత ఫోను, ఒక మూల అద్దం పగిలింది. ఒక దశలో వాడు గొంతు చించుకుని అరిస్తే తప్ప వినేది కాదు. ఛార్జింగ్ పిన్ను పెట్టే చోట పక్కనే చిన్న రంధ్రం ఉంటుంది, అదే మైకు. దుకాణంలో గుడ్డ నూగు అంతా అందులో చేరింది. నా చేతిలో ఉన్న పనిముట్టు ఏమిటో మీకు తెలుసు, పదో నంబరు సూది తీశాను. ఎదురుగా ఫోన్లు బాగుచేసే అబ్బాయి రోడ్డు అవతలి నుంచే కేక పెట్టాడు, “అక్కా, సూది పెట్టకండి, మైకు చచ్చిపోతుంది!” మెత్తని బ్రష్‌తో రెండు నిమిషాల్లో శుభ్రం చేసి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. వాళ్ల అమ్మ జాకెట్టుకు నేనూ తీసుకోలేదు. మీ యాప్ సరిగా వినడం లేదనిపిస్తే దాన్ని తిట్టే ముందు ఆ రంధ్రం చూడండి.

మూడోది అసలైన ఇబ్బంది, ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నది. మంచి ఫోను పగలంతా ఆటోతో పాటు తిరుగుతుంది. డబ్బులు అందులోనే పడతాయి, బేరాలు అందులోనే వస్తాయి. రాత్రి ఆయన వచ్చేసరికి పిల్లవాడు నిద్రపోతాడు. 2021 అసర్ సర్వేలో ఇంట్లో స్మార్ట్ ఫోను ఉన్న బడి పిల్లలు నూటికి 67.6 మంది అని రాశారు, 2018లో 36.5 ఉండేవారట. కానీ ఫోను ఉన్న ఇళ్లలోనూ నాలుగో వంతుకు పైగా పిల్లలకు అది చేతికి అందడం లేదని కూడా రాశారు. అంకెలు వేసిన పుణ్యాత్ములు మా ఇంటికి వచ్చి చూసి రాశారేమో అనిపించింది.

మాకు పాత ఫోను అక్కరకు వచ్చింది ఇక్కడే. దానిలో సిమ్ లేదు. ఆయన ఫోను హాట్‌స్పాట్ పెట్టి ఒకసారి కథలు దింపాం, అంతే. నెట్ లేదు కాబట్టి రీల్సు లేవు, ఆటలు లేవు, కాల్సు రావు. జాగా చాలలేదు, పాత గుడ్ మార్నింగ్ బొమ్మలన్నీ తుడిచేస్తే సరిపోయింది. ఫోను సెట్టింగుల్లో యాప్ పిన్ చేసే సదుపాయం ఉంటుంది, అది పెడితే పిల్లలు ఈ యాప్ వదిలి వేరే దానిలోకి పోవడం కష్టం. నెట్ లేని ఫోనులో కూడా ఇంత చక్కగా వింటోంది కాబట్టి, పిల్లల గొంతును ఫోనులోనే పరిశీలిస్తాం, సర్వర్లకు పంపం అని గూగుల్ చెప్పిన మాట మీద కూడా నాకు కొంత నమ్మకం కుదిరింది.

ఇది వచ్చిన కొత్తలో గూగుల్ చెప్పిన లెక్క ఒకటుంది. ఉత్తరప్రదేశ్‌లో 200 గ్రామాల్లో వాడి చూస్తే మూడు నెలల్లో 64 శాతం పిల్లల చదువు మెరుగుపడిందని. మంచిదే. కానీ అది ఎంతమంది మెరుగుపడ్డారో చెబుతుంది, ఎంత మెరుగుపడ్డారో చెప్పదు. మా వాడి లెక్క నేను చెప్పగలను. ఇప్పుడు వాక్యాన్ని ఆగకుండా చదువుతున్నాడు. ద్విత్వాక్షరాలు ఇబ్బంది లేదు. ‘ఉత్సాహం’, ‘విద్యార్థి’ లాంటివి వస్తే ఇంకా ఒక అడుగు వెనక్కి వేసి దూకినట్టు చదువుతాడు. రాత మాత్రం ఒక్క అక్షరం ముక్క కూడా మెరుగుపడలేదు, ఎందుకంటే ఈ యాప్‌లో రాయించడం లేదు. రాతకు పలక, కాపీ పుస్తకం, నా అరుపులు యథావిధిగా కొనసాగుతున్నాయి.

ఎదురింటి అమ్మాయి అయిదో తరగతి, వాడితో పోటీగా వచ్చి కూర్చునేది. ఒకే ఫోనులో ఇద్దరి పేర్లూ వేరు వేరుగా పెట్టుకుని ఎవరి నక్షత్రాలు వాళ్లు చూసుకోవచ్చు. ఆ పిల్ల బాగా చదువుతుంది, తెలుగు కథలు తొందరగా అయిపోయాయి. అలాంటి పిల్లలకు స్టోరీవీవర్ వెబ్‌సైటు మంచిది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015 నుంచి నడుపుతున్నారు, రీడ్ అలాంగ్‌లోనూ వాళ్ల కథలు ఉన్నాయి. అక్కడ తెలుగు కథలు స్థాయిల వారీగా దొరుకుతాయి, ఉచితంగా దింపుకోవచ్చు, ప్రింటు కూడా తీసుకోవచ్చు. ఆ అమ్మాయి వాళ్ల నాన్న జెరాక్సు షాపులో రెండు కథలు ప్రింటు తీయించి తెచ్చారు. మా వాడు ఆ కాగితాలు పట్టుకుని చదివి, మాట రంగు మారలేదేమని అడిగాడు. నవ్వొచ్చింది కానీ ఆలోచించాల్సిన విషయమే. అందుకే ఇప్పుడు ఒక రోజు ఫోను, ఒక రోజు కాగితం.

ఇంగ్లిషు కథల గురించి చాలామంది అడుగుతున్నారు. ఉన్నాయి, బాగానే ఉన్నాయి. కానీ తెలుగు వాక్యం నిలబడకముందే ఇంగ్లిషులోకి తోయకండి. మా వాడు ఇంగ్లిషు పేజీలో ప్రతి మాట మీదా వేలు పెట్టి దియా చేత పలికించి, దాన్నే తిరిగి అనేశాడు. అది చదవడం కాదు, చిలక పలుకులు. ఆరు నెలలు ఆగమని చెప్పి తెలుగుకే తిప్పాను.

అక్షరాలే రాని పిల్లలకు ఇది వద్దు, ముందు ఓనమాలు మీరే దిద్దించండి. గుణింతాలు వచ్చి వాక్యం దగ్గర తడబడేవాళ్లకు, అంటే రెండు, మూడు తరగతుల వాళ్లకు కళ్లు మూసుకుని పెట్టవచ్చు. పక్కన ఎవరో ఒకరు కూర్చోగలిగితే అయిదుకు నాలుగున్నర మార్కులు. ఎవరూ కూర్చోలేకపోతే మూడు.

నిన్న జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ ఇదంతా విని, తన కొత్త ఫోను ముందు పెట్టి “దీనిలో వేసి ఇవ్వండి” అంది. అందులో వద్దని, ఇంట్లో మూలన పడేసిన పాత ఫోను ఏదైనా ఉంటే ఛార్జింగ్ పెట్టి తెమ్మని చెప్పాను. జాకెట్టు శుక్రవారానికి ఇస్తానన్నాను, ఫోను కూడా అప్పుడే తెస్తానంది.